ఇంజెక్షన్ తీసి కార్బ్యురేటర్ పెట్టిన పాత కారుకు ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు బిగించే పద్ధతి

ఇంజెక్షన్ సామాను పాడై, ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) దొరక్క, చివరికి కార్బ్యురేటర్ పెట్టి నడుపుకుంటున్న పాత కార్లలో తప్పు ఎక్కువగా పెట్రోలు అందించే చోటే జరుగుతుంది. ట్యాంకులో ఉన్న పాత ఇంజెక్షన్ పంపునే వాడేద్దామని కొందరు చూస్తారు. ఇంకొందరు ఏదో ఒక పంపు తెచ్చి బానెట్ కింద బిగించి, కీ వైరుకు కలిపేస్తారు. మొదటిది కార్బ్యురేటర్‌ను ముంచేస్తుంది. రెండోది రోహిణి కార్తెలో కారును నడిరోడ్డు మీద నిలబెడుతుంది. ఖర్మకాలి కారు దేన్నైనా గుద్దితే, ఆగిపోయిన ఇంజిన్ మీదికి పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

ఇంజెక్షన్ కారులో కీ తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ నుంచి కబురు అందితేనే ఈసీయూ దాన్ని మళ్లీ తిప్పుతుంది. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. ఈసీయూ తీసేసిన రోజే ఆ కాపలా పోయింది. దాన్ని మన చేత్తో తిరిగి పెట్టాలి. పంపు బిగించడం ఒక పూట పని. దాన్ని ఆపే ఏర్పాటుకు ఇంకో పూట కేటాయించుకోండి.

ముందు ఒత్తిడి సంగతి

ఇంజెక్షన్ పంపు ఇచ్చే ఒత్తిడి సుమారు 3 బార్, అంటే 43 పీఎస్ఐ. కార్బ్యురేటర్‌లో పెట్రోలును ఆపేది చిన్న నీడిల్ వాల్వు. దాన్ని మూసి పట్టుకునేది ఫ్లోట్ తేలే బలం మాత్రమే. అది 0.15 నుంచి 0.25 బార్ వరకు, అంటే 2 నుంచి మూడున్నర పీఎస్ఐ దాకా హాయిగా ఆపుతుంది. అంతకు మించితే నీడిల్ పక్కనుంచి పెట్రోలు జారి బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) నిండిపోతుంది, గొంతులోకి కారుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేసుకుని పెట్రోలు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది.

ఇంజెక్షన్ పంపుకు రెగ్యులేటర్ పెట్టి తగ్గించవచ్చు కదా అంటారు. 43ను 3కు దించడం మామూలు కార్బ్యురేటర్ రెగ్యులేటర్‌కు అలవి కాని పని. రెగ్యులేటర్ డయాఫ్రం పోయిన రోజు ఆ 43 పీఎస్ఐ అంతా నేరుగా బౌల్ మీద పడుతుంది. పాత పంపు తీసేయడమే మంచిది.

కొనాల్సింది టిక్కు టిక్కుమని కొట్టుకునే తక్కువ ఒత్తిడి పంపు. లోపల కాయిల్, పిస్టన్, రెండు చిన్న వాల్వులు ఉంటాయి. బౌల్ నిండగానే ఎదురు ఒత్తిడికి కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. ఆ చప్పుడు వింటూ పంపు ఆరోగ్యం చెప్పేయవచ్చు. తిరిగే రకం పంపులు ఎక్కువ పెట్రోలు ఇస్తాయి కానీ వాటికి రెగ్యులేటర్ తప్పనిసరి. పైగా రొద. 1,100 నుంచి 1,800 సీసీ దాకా ఉన్న ఇంజిన్‌కు అంత అవసరం లేదు. లెక్క చూడండి: 60 గుర్రాల బలం ఉన్న ఇంజిన్ పూర్తి యాక్సిలరేటర్ మీద గంటకు సుమారు 18 లీటర్లు తాగుతుంది. గంటకు 60 లీటర్లు ఇచ్చే చిన్న పంపు దానికి మూడింతలు.

బాక్సు మీద రాసిన అంకెను నమ్మి బిగించవద్దు. ఒకే బొమ్మతో వచ్చే పంపుల్లో ఒకటి 3 పీఎస్ఐ ఇస్తే ఇంకోటి 6 ఇస్తుంది. 0 నుంచి 1 బార్ దాకా చూపే చిన్న గేజి ఒకటి కొనిపెట్టుకోండి. పెద్ద అంకెల గేజిలో 0.2 బార్ దగ్గర ముల్లు కదిలినట్టే ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పంపు, ఎం6 రబ్బరు బుష్‌లు రెండు, పంపుకు ముందు పెట్టే ముతక ఫిల్టర్, తర్వాత పెట్టే సన్న ఫిల్టర్, ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న 8 మి.మీ. హోసు 2 మీటర్లు, అంచు మడిచిన ఇంజెక్షన్ రకం క్లాంపులు 12, రెగ్యులేటర్, గేజి, 4 పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) ఒకటి, 5 పిన్నుల రిలే ఒకటి, 5 ఆంప్స్ ఫ్యూజు దాని డబ్బాతో సహా, దెబ్బ తగిలితే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్, నొక్కితేనే కలిసే స్ప్రింగ్ బటన్, 1.5 చదరపు మి.మీ. వైరు 8 మీటర్లు, వైరు మీద తొడిగే ముడతల గొట్టం, అర లీటరు కొలత సీసా.

హోసు విషయంలో పైసలు మిగుల్చుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పాత రబ్బరు దానికి ఓర్చుకోదు. పాత హోసు ముక్క ఒకటి కోసి, వేలు లోపల పెట్టి తిప్పి చూడండి. వేలికి కాటుకలా నల్లటి జిగురు అంటుకుంటే ఆ నలుపంతా రేపు నీడిల్ సీటులో చేరుతుంది. ఆర్9 హోసు లోపలి పొర ఫ్లోరో రబ్బరుది, ఇథనాల్‌కు తట్టుకుంటుంది. కార్బ్యురేటర్ ఫ్లోట్, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, ప్యాకింగులు కూడా పాతవైతే ఈ పనితోపాటే మార్చేయండి.

ట్యాంకు పని

బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. రిపేరు గుంత మీద కారు నిలబెట్టి ఈ పని చేయకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, గుంత అడుగున పేరుకుపోతుంది. ఒక్క వేడి బల్బు పగిలినా చాలు. ఆరుబయట, గాలి ఆడే చోట, కారును స్టాండ్ల మీద ఎత్తి చేయండి. పొడి చల్లే డీసీపీ అగ్నిమాపకం చేతికందే దూరంలో ఉండాలి. పెట్రోలు దించుకునేది మూత బిగుసుకునే ఇనప డబ్బాలోకే, ప్లాస్టిక్ బకెట్లోకి వద్దు.

ట్యాంకు పైన ఉన్న మాడ్యూల్ విప్పి లోపలి పంపు బయటికి తీయాలి. దాన్ని అలాగే వదిలేసి దాని గుండా పీల్చుకుందామంటే కుదరదు. ఆగిన పంపు దారికి అడ్డం పడుతుంది. పంపు ఉన్న చోట 8 మి.మీ. స్టీలు పైపు అడుగు దాకా దించి, కొస ట్యాంకు అడుగుకు 10 నుంచి 15 మి.మీ. ఎత్తులో ఉండేలా ఏటవాలుగా కోయండి. మరీ అడుగుకు ఆనితే నీళ్లు, తుప్పు లాగుతుంది. కొసకు జల్లెడ తొడగండి. మాడ్యూల్ సీల్ రింగు కొత్తది వేయండి. ట్యాంకు గేజి ఫ్లోట్ ఆ మాడ్యూల్ మీదే ఉంటుంది కాబట్టి దాని వైర్లు కదల్చవద్దు. పంపు వైర్లు రెండూ విడివిడిగా ఇన్సులేట్ చేసి కట్టేయండి.

ట్యాంకు గాలి పీల్చుకునే దారి చూడండి. కార్బ్యురేటర్ పెట్టేటప్పుడు ఎక్కువమంది మరిచేది ఇదే. ఇంజెక్షన్ కారులో ట్యాంకు ఆవిరి చార్‌కోల్ డబ్బాలోకి, అక్కడినుంచి ఇంజిన్‌లోకి పోతుంది. ఇంజెక్షన్ తీసేసేటప్పుడు బానెట్ కింద వేలాడుతున్న ఆ గొట్టానికి బోల్టు కొట్టి మూసేస్తారు. అప్పుడు ట్యాంకులోకి గాలి వచ్చే దారి ఉండదు. 30, 40 కిలోమీటర్లు బాగానే నడిచి బండి ముక్కి ఆగిపోతుంది. మూత తిప్పగానే ‘ఉస్స్’మని గాలి లోపలికి లాగితే కారణం అదే. కొత్త పంపు తెచ్చినా లాభం లేదు. చార్‌కోల్ డబ్బాను ఉంచి, దాని తాజా గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో ఊది చూసుకోండి.

పంపు ఎక్కడ

ఇలాంటి పంపు నెట్టడంలో దిట్ట, పీల్చడంలో బలహీనం. కాబట్టి వెనక, ట్యాంకుకు 30 సెం.మీ. లోపు, వీలైనంతవరకు ట్యాంకు అడుగు మట్టానికే ఉండాలి. ఎండాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. ముందు బిగించిన పంపు మూడు మీటర్ల పైపులోంచి పీల్చాలి. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం తారు సెగ, సైలెన్సర్ సెగ రెండూ ఆ పైపుకు తగులుతుంటే లోపల బుడగలు లేస్తాయి. పంపు బుడగల్ని కొట్టుకుంటూ కూర్చుంటుంది, పెట్రోలు కదలదు. అదే పంపు వెనక ఉంటే పైపు పొడవునా ఒత్తిడి నిలబడి బుడగలు లేవనివ్వదు.

పెట్రోలు బయటికి వచ్చే వైపు పైకి ఉండేలా నిలువుగానో ఏటవాలుగానో బిగించండి. అలా ఉంటే గాలి బుడగలు వాటంతట అవే పైకి పోతాయి. రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టకపోతే టిక్కు టిక్కు డిక్కీ రేకంతా మోగుతుంది. రబ్బరు మీద కూర్చోబెడితే బాడీతో ఎర్త్ తెగుతుంది, అందుకని పంపుకు ఎర్త్ వైరు విడిగా ఇవ్వాలి. చక్రం వాన నీళ్లు చిమ్మే దారిలో పెట్టకండి. నవంబరు తుఫాన్లకు నెల్లూరు వీధుల్లో నీళ్లు నిలిచే రోజులు గుర్తుంచుకుని, బండి కింద అన్నిటికంటే దిగువ భాగం పంపు కాకుండా చూసుకోండి.

పంపుకు ముందు ముతక ఫిల్టర్, సుమారు 70 నుంచి 100 మైక్రాన్లది. సన్నది పెడితే పీల్చే వైపు అడ్డం పడి మళ్లీ అదే బుడగల కథ. సన్న ఫిల్టర్ పంపు తర్వాత, రెగ్యులేటర్‌కు ముందు.

పైపు

పాత ఇంజెక్షన్ స్టీలు పైపు బాగుంటే అదే వాడండి. దానికి 3 బార్ అలవాటు. ముత్తుకూరు నుంచి కొత్తపట్నం దాకా సముద్రం ఒడ్డున తిరిగిన బండైతే క్లిప్పుల కింద తప్పకుండా చూడాలి. పైకి నిగనిగలాడే పైపు క్లిప్పు కింద ఉప్పుగాలికి గుల్లబారి ఉంటుంది. క్లిప్పు విప్పి గోరుతో గీకండి, పొర లేస్తే పైపు మార్చేయండి. కొత్త పైపు వేస్తే స్టీలుదే వేయండి. రాగి పైపు అదురుకు గట్టిపడి చీలుతుంది. 30 సెం.మీ.కు ఒక రబ్బరు క్లిప్పు, సైలెన్సర్‌కు కనీసం 10 సెం.మీ. ఎడం. హోసు ఎక్కే కొసలకు చిన్న ఉబ్బు గిల్లించాలి, నున్నటి కొస మీద క్లాంపు ఎంత బిగించినా ఒకరోజు జారుతుంది.

రిటర్న్ పైపు పాత కారుకు ఎలాగూ ఉంటుంది. దాన్ని పారేయకండి. కార్బ్యురేటర్ ముందు మూడు దారుల టీ జాయింటు పెట్టి, రిటర్న్ వైపు 1 మి.మీ. రంధ్రం ఉన్న అడ్డు బిళ్ల పెడితే, పెట్రోలు ఎప్పుడూ కదులుతూ ట్యాంకుకు చేరుతుంటుంది. బానెట్ కింద నిలిచి కాగిపోదు. మన ఎండలకు ఇది చాలా మేలు చేస్తుంది. రంధ్రం పెద్దదైతే ఒత్తిడంతా వెనక్కి పోతుంది. 1 మి.మీ.తో మొదలుపెట్టండి.

వైరింగు

కారు ఎర్త్ ఏ వైపో ముందు చూసుకోండి. మరీ పాత కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. కాయిల్ పంపులోని సర్క్యూట్ తారుమారైతే ఒక్క క్షణంలో పోతుంది. కింద చెప్పేది నెగెటివ్ ఎర్త్ లెక్కన.

మొదటి రిలే, 4 పిన్నులది: బ్యాటరీ నుంచి 5 ఆంప్స్ ఫ్యూజు మీదుగా 30కి (ఈ అంకెలు రిలే పిన్నుల దగ్గర రాసి ఉంటాయి). ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 86కి కీ ఆన్ వైరు. 85 ఎర్త్. 87 నుంచి ఇనర్షియా స్విచ్ మీదుగా రెండో రిలేకు.

రెండో రిలే, 5 పిన్నులది: ఇనర్షియా స్విచ్ నుంచి వచ్చిన వైరు 30కి. 87ఏ నుంచి పంపుకు. 86కి కీ ఆన్ వైరు. 85ను ఆయిల్ లైటు వైరుకు, అంటే ఇంజిన్ మీది ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కు పోయే వైరుకు కలపండి. 87 ఖాళీగా ఉంచాలి, దాంట్లోకి ఏ వైరూ రాకూడదు.

ఇది పనిచేసే తీరు: ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ స్విచ్ ఎర్త్ ఇస్తుంది. లైటు వెలుగుతుంది, రెండో రిలే లాక్కుంటుంది, 87ఏ తెగుతుంది, పంపు ఆగి ఉంటుంది. ఇంజిన్ తిరిగి ఆయిల్ ఒత్తిడి రాగానే స్విచ్ తెరుచుకుంటుంది. లైటు ఆరుతుంది, రిలే వదులుతుంది, పంపు కొట్టుకుంటుంది. ఇంజిన్ ఆగితే కొన్ని సెకన్లలో ఒత్తిడి పడిపోయి పంపూ ఆగుతుంది. ఆయిల్ అయిపోయినా పంపు ఆగి ఇంజిన్‌ను కాపాడుతుంది, అది అదనపు లాభం.

రిలే కొనేటప్పుడు పక్కనున్న బొమ్మ చూడండి. 5 పిన్నులు ఉన్నవాటిలో కొన్నిటికి 87ఏ ఉండదు, మధ్య పిన్ను కూడా 87 అనే రాసి ఉంటుంది. అది పెడితే అంతా తిరగబడుతుంది: ఇంజిన్ ఆగినప్పుడు పంపు నడుస్తుంది, తిరిగినప్పుడు ఆగుతుంది.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఆయిల్ స్విచ్ వైరు ఊడిపోతే పంపు ఆగే దారి ఉండదు. అందుకే వరసలో ఇనర్షియా స్విచ్ తప్పనిసరి అంటున్నాం. గట్టి దెబ్బ తగిలితే లోపలి గుండు ఎగిరి కరెంటు తెంచుతుంది. పాత ఫోర్డ్ కార్ల తుక్కులో వెతకండి. బాడీకి గట్టిగా, నిటారుగా బిగించాలి. బిగించే ముందు చేతిలో పట్టుకుని అరచేతికేసి గట్టిగా కొట్టండి, బటన్ పైకి లేవాలి. రోజూ చూసుకోవాల్సిన గుర్తు కూడా మీ కళ్లముందే ఉంది: కీ ఆన్ చేయగానే ఆయిల్ లైటు వెలగాలి. వెలగకపోతే ఆ వైరు సంగతి తేల్చాకే సెల్ఫు కొట్టండి.

నెల రోజులు కదలని బండికి బౌల్ ఎండిపోయి ఉంటుంది. అప్పటికోసమే స్ప్రింగ్ బటన్. రెండో రిలే 30, 87ఏల మధ్య దాన్ని కలపండి. ఐదారు సెకన్లు నొక్కితే బౌల్ నిండుతుంది, వదలగానే ఆగుతుంది. మామూలు రోజుల్లో బౌల్‌లో ఉన్న పెట్రోలుకే ఇంజిన్ అందుకుంటుంది. సెల్ఫు మోటారు వైరు నేరుగా పంపుకు కలిపే పాత అలవాటు వద్దు. ఇంజిన్ తిరుగుతుండగా పంపు కరెంటు వెనక్కి పోయి సెల్ఫు సొలినాయిడ్‌ను లాగుతుంది.

వైరు సన్నదైతే పంపు నీరసిస్తుంది. 1.5 చదరపు మి.మీ. వైరు 5 మీటర్ల పొడవున 2 ఆంప్స్ మోస్తే పోయే వోల్టేజి 0.12 మాత్రమే. పంపు దగ్గర ఎర్త్ అంతకంటే ఎక్కువ తినేస్తుంటుంది. రేకు మీది పెయింటు మెరిసేదాకా గీకి, రింగు బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజిన్ నడుస్తుండగా పంపు రెండు వైర్ల మధ్య కొలిస్తే బ్యాటరీ దగ్గరి వోల్టేజికి అర వోల్టుకు మించి తేడా ఉండకూడదు.

కొలిచి చూడటం

కార్బ్యురేటర్ దగ్గర హోసు విప్పి కొలత సీసాలో పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి ఉండాలి. బటన్ 30 సెకన్లు నొక్కితే అర లీటరు దాకా రావాలి. 250 మి.లీ. కంటే తక్కువ వస్తే ముతక ఫిల్టర్, పీల్చే వైపు క్లాంపులు, వోల్టేజి, ట్యాంకు గాలి రంధ్రం, ఈ వరసలో చూడండి. పీల్చే వైపు వదులు క్లాంపు పెట్రోలు కార్చదు, గాలి పీలుస్తుంది. అందుకే కంటికి దొరకదు.

తర్వాత టీతో గేజి కలపండి. గేజి కార్బ్యురేటర్ మట్టంలోనే ఉండాలి. అర మీటరు ఎత్తుకే అర పీఎస్ఐ దాకా తగ్గుతుంది కాబట్టి పంపు దగ్గర చూసిన అంకె అబద్ధం చెబుతుంది. బటన్ నొక్కి పట్టుకోండి. 0.2 బార్ దగ్గర ముల్లు నిలబడాలి. ఎక్కువైతే రెగ్యులేటర్ తిప్పి దించండి. ముల్లు నిలవక పైకీ కిందికీ ఊగుతుంటే బౌల్‌లోకి పెట్రోలు దిగుతూనే ఉందని అర్థం. బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ గొంతులోకి టార్చి వేయండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మెయిన్ నాజిల్ కొసన బొట్టు ఉబ్బి రాలుతుంటే నీడిల్ సీటులో చెత్త ఉంది, లేదా ఫ్లోట్‌లోకి పెట్రోలు ఎక్కింది. ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపండి, లోపల గలగల వినిపిస్తే అది పోయినట్టే. ఒత్తిడి మారింది కాబట్టి ఫ్లోట్ మట్టం ఎలాగూ మళ్లీ కొలిచి సరిచేయాలి.

చివరి పరీక్ష రోడ్డు మీద. ఎండ బాగా ఉన్న పూట నెల్లూరు నుంచి హైవే ఎక్కి కావలి దాకా ఆపకుండా పోనివ్వండి. అక్కడ టీ తాగేంత సేపు, పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ సెల్ఫు కొట్టండి. వెంటనే అందుకుంటే మంచిది. చాలాసేపు తిప్పాక పెట్రోలు వాసనతో అందుకుంటే పంపును అనవద్దు. ఇంజిన్ వేడికి బౌల్‌లోనే పెట్రోలు మరిగి గొంతులోకి పొంగింది. కార్బ్యురేటర్ కింద 6 నుంచి 10 మి.మీ. బేకలైట్ బిళ్ల, మానిఫోల్డ్‌కు అడ్డంగా రేకు పెట్టాలి. పరుగులో ఉండగా ముక్కి ఆగితే మాత్రం పంపు వైపు వెతకండి. అలా ఆగిన చోటే ట్యాంకు మూత తెరిచి చూడటం మరవద్దు.

ప్లగ్గులు మరీ తెల్లగా కాలుతుంటే ఈ20కి మిశ్రమం పలచనైంది. మెయిన్ జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రం) ఒక సైజు పెంచి మళ్లీ చూడండి.

మొదటి 200 కిలోమీటర్లకు రెండు ఫిల్టర్లూ మార్చండి. కదిలించిన ట్యాంకు తుప్పు అప్పుడే అంతా దిగుతుంది. ఆ తర్వాత ఏటా రోహిణికి ముందు హోసులు వంచి పగుళ్లు చూడండి, పంపు ఎర్త్ విప్పి గీకి బిగించండి, ఇనర్షియా స్విచ్‌ను ఇంకోసారి అరచేతికేసి కొట్టండి.